పదమూడు ముక్కల లెక్క

సంక్రాంతి సెలవులకి మా ఇంట్లో పేక దిగటం ఆనవాయితీ. బరంపురంలో మా తాతగారు కాపురం పెట్టిన నాటి నుంచీ ఉన్నదే. డబ్బులు పెట్టం, చింతపిక్కలే మా రూపాయలు. భోజనాలయ్యాక హాల్లో చాప పరిచి మా అమ్మ మధ్యలో కూర్చుంటుంది. చుట్టూ నేను, మా ఆవిడ, మా తమ్ముడి కుటుంబం, పిల్లలు. ఆట ఎప్పుడూ పదమూడు ముక్కల రమ్మీయే.

ముక్కలు పంచగానే అందరం తప్పకుండా చేసే పని ఒకటుంది. చేతిలో విసనకర్రలా విప్పుకుని, ఇస్పేట్లు ఒకవైపు, ఆటీన్లు ఒకవైపు సర్దుకుంటాం. పక్కపక్కన ఉన్న రెండు మూడు ముక్కల్ని కలిపి లాగి ఇంకోచోట దోపుతాం. ఎన్నిసార్లు దోపామో ఎవరూ లెక్కపెట్టరు. ఆటకీ దానికీ సంబంధం లేదు గదా!

లెక్కపెట్టమన్నది మా అమ్మాయి. బెంగుళూరులో జన్యుశాస్త్రం చదువుతోంది. రెండేళ్ళ క్రితం పండక్కి వచ్చినప్పుడు, ఒక్క ఇస్పేటు రంగులో ఆసు మొదలు రాజు దాకా పదమూడు ముక్కలూ తీసి, కలిపి, నా చేతిలో పెట్టింది.

"నాన్నగారూ, పక్కపక్కనున్న ముక్కలు ఎన్నయినా సరే ఒక కట్టగా తీసి ఇంకోచోట పెట్టొచ్చు. కట్ట లోపలి వరస మాత్రం చెదరకూడదు. అది ఒక ఎత్తు. ఇలా ఎన్ని ఎత్తుల్లో సర్దగలరు?"

"సర్ది చూపిస్తే సరిపోతుందా?" అన్నాను.

"సరిపోదు. అంతకంటే తక్కువలో కాదని కూడా చూపించాలి."

పదమూడు నాకు ఎక్కువేనని గ్రహించి, అయిదు ముక్కలే తీసి తలకిందుల వరసలో పరిచింది: 5 4 3 2 1. నేను తడుముకోకుండా నాలుగు అన్నాను. 5ని చివరికి పంపాలి, తరవాత 4ని దాని ముందుకి, తరవాత 3, తరవాత 2. ఒక్కో ముక్కా దాని చోటికి చేరుతుంది. నాలుగు ఎత్తులు. ఇంతకంటే దగ్గరి దారి లేదు.

ఇంతలో మా అమ్మ చెయ్యి చాపింది. ఆవిడకి ఎనభై రెండేళ్ళు. ఈమధ్య మతిమరుపు ఎక్కువైంది. అడిగిన మాటే మళ్ళీ అడుగుతుంది. 4 3 ముక్కల్ని రెండింటినీ కలిపి తీసి, 2 1 తరవాత పెట్టింది. 5 2 1 4 3 అయింది. ఒక్క ముక్క కూడా వరసలో పడలేదు. "అలా కాదమ్మా," అని ఆవిడ చేతిలోంచి ముక్కలు తీసుకుని, మొదటికి తెచ్చి, నా పద్ధతిలో నాలుగు ఎత్తుల్లో సర్ది చూపించాను. అమ్మ ఏమీ అనలేదు. మా అమ్మాయి మాత్రం, "నాలుగు కంటే తక్కువలో కాదని ఎలా తెలుసు?" అంది.

నా దగ్గర జవాబు లేదు.

బ్యాంకు బుద్ధి

నేను బ్యాంకులో చేరేనాటికి మా బ్రాంచిలో కంప్యూటర్లు లేవు. సాయంత్రం కౌంటరు మూశాక ఆనాటి ఓచర్లన్నీ ఖాతా నంబర్ల వరసలో పేర్చాలి, లెడ్జర్లలో ఎక్కించాలి, డే బుక్కుతో సరిచూడాలి, ఆపైన దారంతో కుట్టి కట్ట కట్టాలి. ఆ పేర్పులో నాకు మంచి పేరుండేది. తరవాత చేరిన కుర్రవాళ్ళకి నేనే నేర్పాను. "ఒక్కోటీ తీసి దాని చోట పెట్టు. ఇంతకంటే దగ్గరి దారి లేదు" అని ఎంతమందికి చెప్పానో.

చెప్పానే గాని, ఆ మాట ఎప్పుడూ రుజువు చేసుకోలేదు. లెడ్జరు కలిసిందని నోటితో చెబితే మా మేనేజరుగారు ఒప్పుకునేవారు కారు, కాగితం మీద చూపించమనేవారు. పేర్పు విషయంలో మాత్రం నన్నెవరూ కాగితం అడగలేదు. అడిగింది మా అమ్మాయే. ఆ రాత్రి అందరూ పడుకున్నాక అయిదు ముక్కలూ, ఒక తెల్లకాగితం పట్టుకుని కూర్చున్నాను. దాదాపు గంటకి దొరికింది.

5 4 3 2 1 తో మొదలు.
మొదటి ఎత్తు: 4 3 కట్టని 2 1 తరవాత పెట్టాలి. 5 2 1 4 3.
రెండో ఎత్తు: 5 2 కట్టని 1 4 తరవాత పెట్టాలి. 1 4 5 2 3.
మూడో ఎత్తు: 4 5 కట్టని 2 3 తరవాత పెట్టాలి. 1 2 3 4 5.

మూడే ఎత్తులు! మొదటి ఎత్తు ఏదో చూశారు గదా. సాయంత్రం మా అమ్మ వేసిందే. నేను "అలా కాదమ్మా" అని వెనక్కి తీసుకున్నదే. అమ్మ తెలిసి వేసిందని నేను చెప్పను, తరవాతి రెండు ఎత్తులూ ఆవిడ వేసేదో లేదో కూడా చెప్పలేను. చూడకుండానే అడ్డం పడ్డవాణ్ణి మాత్రం నేను.

జతల లెక్క

ఇప్పుడు రెండో సగం. మూడు కంటే తక్కువలో కాదని చూపించాలి. దీనికి కామర్సు చదివినవాడికి కూడా అందే ఉపాయం ఒకటి ఉంది.

ముక్కలకి ముందు 0 అనీ, చివర 6 అనీ రెండు గోడలు పెట్టుకోండి. 0 5 4 3 2 1 6. వీటి మధ్య సందులు ఆరు. ఒక సందుకి ఎడమన ఉన్న అంకె కంటే కుడిన ఉన్నది సరిగ్గా ఒకటి ఎక్కువైతే దాన్ని "కుదిరిన జత" అందాం. తలకిందుల వరసలో కుదిరిన జత ఒక్కటీ లేదు. సర్దిన వరసలో ఆరు సందులూ కుదిరినవే. అంటే మనం సంపాదించవలసింది ఆరు జతలు.

ఒక్క ఎత్తులో ఎన్ని జతలు సంపాదించగలం? కట్టని తీసి ఇంకోచోట పెట్టినప్పుడు వరస మూడు చోట్లే తెగుతుంది, మూడు చోట్లే అతుక్కుంటుంది. మిగతా సందులేవీ కదలవు. కాబట్టి ఎంత మొనగాడి ఎత్తయినా మూడు జతల కంటే ఎక్కువ తీసుకురాలేదు. ఆరు జతలు కావాలంటే కనీసం రెండు ఎత్తులు కావాలన్నమాట.

ఆ రెండూ చాలతాయా? చాలాలంటే మొదటి ఎత్తులోనే మూడు జతలు రావాలి. అయిదు ముక్కల మీద వేయదగిన ఎత్తులు మొత్తం 20. నేను బ్యాంకువాణ్ణి గనక ఇరవైనీ ఒకదాని కింద ఒకటి రాసి టిక్కు పెట్టుకుంటూ చూశాను. తలకిందుల వరస మీద ఏ ఎత్తు వేసినా ఒకటికి మించి జత కుదరదు. మొదటి దాంట్లో ఒకటి, రెండో దాంట్లో మూడు, వెరసి నాలుగు. ఆరుకి చాలదు. కనక మూడు ఎత్తులు తప్పవు. ఇటు మూడుతో అయింది, అటు మూడు కంటే తక్కువలో కాదు. రెండు వైపులా కలిసింది. ఖాతా మూసెయ్యవచ్చు.

ఇందులో నన్ను ఆలోచనలో పడేసింది మొదటి ఎత్తు. నా నాలుగు ఎత్తుల పద్ధతిలో మొదటి ఎత్తుకే ఒక జత కుదురుతుంది, 5 పోయి గోడ పక్కన చేరుతుంది. మూడు ఎత్తుల దారిలో మొదటి ఎత్తుకి ఒక్క జత కూడా కుదరదు. చూడటానికి వృథా. ఆ తరవాత రెండు ఎత్తుల్లో మూడేసి జతలు ఒక్కసారిగా పడతాయి. ఎప్పటికప్పుడు కంటికి కనిపించే లాభం చూసుకునేవాడికి ఈ దారి దొరకదు.

పదమూడు దగ్గర తప్పిన సూత్రం

మర్నాడు కాగితం చూపిస్తే మా అమ్మాయి సంతోషించి అసలు కథ చెప్పింది. ముక్కల్ని రకరకాల వరసల్లో పెట్టడాన్ని లెక్కల పుస్తకాలు ప్రస్తారాలు అంటాయి. కట్టలు జరిపి ప్రస్తారాన్ని సర్దే ఈ సమస్యని వినీత్ బఫ్నా, పావెల్ పెవ్జ్‌నర్ అనే ఇద్దరు 1990ల్లో పట్టించుకుని పరిశోధించారు. పది ముక్కల వరకు కంప్యూటరు మీద లెక్క కట్టి చూశారు. పది ముక్కల్ని పెట్టగలిగిన వరసలే 36,28,800. వాటన్నిటిలో తలకిందుల వరసకంటే ఎక్కువ ఎత్తులు అడిగే వరస కనిపించలేదు.

అదే న్యాయంగా కూడా తోస్తుంది. సర్దటానికి అన్నిటికంటే కష్టమైనది పూర్తిగా తిరగబడినదే అయి ఉండాలి గదా! తలకిందుల వరసకి ఎన్ని ఎత్తులో చెప్పే సూత్రం కూడా తరవాత తేలింది. ముక్కల సంఖ్యకి ఒకటి కలిపి సగం చెయ్యాలి, సగం వస్తే పైకి సవరించాలి. అయిదింటికి 3, పదింటికి 6, పదమూడింటికి 7.

2001లో స్వీడన్‌లోని అయిదుగురు గణితజ్ఞులు ఒక వ్యాసం ప్రచురించారు. పేరు "బ్రిడ్జి ఆటలో చేతిముక్కలు సర్దుకోవడం" అని అర్థం వచ్చేలా ఉంటుంది. బ్రిడ్జిలో కూడా చేతికి పదమూడు ముక్కలే. పన్నెండు దాకా నిలబడిన నమ్మకం సరిగ్గా పదమూడు దగ్గర తప్పుతుందని వారు చూపించారు. పదమూడు ముక్కల తలకిందుల వరసకి 7 ఎత్తులు చాలు, కాని 8 ఎత్తులు అడిగే వేరే వరస ఉంది. పదమూడింటిని ఎలా కలిపి ఇచ్చినా 8కి మించి అవసరం లేదని కూడా ఆ వ్యాసంలోని ఫలితమే చెబుతుంది. పదమూడు ముక్కల వరసలు ఎన్నో తెలుసా? 622 కోట్ల 70 లక్షల 20 వేల 800. ఇన్నిటికీ 8 ఎత్తులు చాలంటే నాకు ఆశ్చర్యమే వేసింది.

అంతకంటే ఎక్కువ తాకింది ఆ తప్పిన నమ్మకం. పదేళ్ళుగా వాయిదా తప్పని ఖాతా అని పదకొండో ఏడు కాగితాలు చూడకుండా అప్పు ఇచ్చినవాళ్ళు నాకు తెలుసు. ఒకసారి నేనూ అలాగే ఇచ్చి, ఆ బకాయి వసూలయ్యేదాకా నిద్రపోలేదు. పన్నెండు దాకా నిజమైనది పదమూడుకి కూడా నిజమని ఎవరూ హామీ ఇవ్వలేరు. హామీ ఇవ్వగలిగేది రుజువు ఒక్కటే.

ఎక్కి వచ్చిన మెట్లే దిగడానికి

ఇక్కడ చిన్న సంగతి ఒకటి చెప్పాలి. ఒక ఎత్తు వేశాక ఇంకో ఎత్తుతో దాన్ని రద్దు చేయవచ్చు, తీసిన కట్టని మళ్ళీ పాతచోట పెట్టడమే. ఎత్తు మీద ఎత్తు వేస్తే వచ్చేది కూడా ఒక వరసే. అయితే ఏది ముందు, ఏది తరవాత అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. స్నానం, తల తుడుచుకోవడం వెనకాముందు చేస్తే ఒకటి కాదు గదా. ఇటువంటి లక్షణాలున్న వాటిని గణితంలో సమూహాలు అంటారు, వాటి గురించిన శాస్త్రం సమూహ సిద్ధాంతం.

దీనివల్ల మనకి ఒక సదుపాయం ఉంది. కలిసిపోయిన వరస నుంచి సర్దిన వరసకి ఎన్ని ఎత్తులో, సర్దిన దాని నుంచి కలిసిపోయిన దానికి కూడా అన్నే. రెండు వరసల్లో దేన్నయినా 1, 2, 3 అని పేరు పెట్టుకుని రెండోదాన్ని దానితో పోల్చవచ్చు. పేకముక్కల లెక్క జీవశాస్త్రంలోకి వెళ్ళింది ఈ ద్వారం గుండానే.

క్యాబేజీకీ టర్నిప్‌కీ చుట్టరికం

మా అమ్మాయికి ఈ లెక్కతో పనేమిటని మీకు అనుమానం వచ్చి ఉంటుంది. నాకూ వచ్చింది.

జీవకణంలో జన్యువులు దారానికి గుచ్చిన పూసల్లా ఒక వరసలో ఉంటాయి. తరతరాల్లో ఆ దారం అప్పుడప్పుడు తెగి అతుక్కుంటుంది. ఒక ముక్క తిరగబడి అతుక్కోవచ్చు, ఒక కట్ట కదిలి ఇంకోచోట చేరవచ్చు. 1930లలోనే స్టర్టెవాంట్, డోబ్‌జాన్‌స్కీ అనే శాస్త్రజ్ఞులు పండ్ల ఈగల్లో ఇలా తిరగబడిన ముక్కల్ని చూసి, ఏ రకం ఏ రకానికి దగ్గరో వంశవృక్షం గీశారు. 1988లో పామర్, హెర్బన్ అనేవారు క్యాబేజీ, టర్నిప్ మొక్కల మైటోకాండ్రియాలో ఉన్న జన్యుపదార్థాన్ని పోల్చారు. జన్యువులు దాదాపు అచ్చు ఒకటే, తేడా అంతా వరసలోనే. కొన్ని ముక్కలు తిరగబడితే ఇది అదవుతుంది.

అంటే ఒక జీవి జన్యువులకి 1, 2, 3 అని నంబర్లు వేసి, రెండోదాని వరసని సర్దటానికి ఎన్ని ఎత్తులు కావాలో చూస్తే, అవి ఎంత దూరపు చుట్టాలో ఒక అంచనా వస్తుంది. కనీసపు ఎత్తులే ఎందుకంటే, ప్రకృతిలో ఇటువంటి మార్పులు అరుదు గనక తక్కువ మార్పులతో అయ్యే కథే నమ్మదగినది. ఇక్కడ "ఇంతకంటే తక్కువలో కాదు" అన్నమాటకి విలువ ఉంది. నాలా నాలుగు అని ఊరుకుంటే, మూడడుగుల చుట్టరికాన్ని నాలుగడుగులుగా రాసినట్టవుతుంది.

మరి ఎన్ని ముక్కలకైనా కనీసపు ఎత్తులు త్వరగా చెప్పే పద్ధతి ఉందా? సమాధానం ఆటనిబంధనని బట్టి మారుతుంది. ముక్కల్ని తిరగేసే ఆటలో, ఒక్కో జన్యువు ఎటు తిరిగి ఉందో కూడా తెలిస్తే, త్వరగా లెక్కకట్టే పద్ధతిని 1995లో శ్రీధర్ హన్నెన్‌హళ్ళి, పెవ్జ్‌నర్ కనుక్కున్నారు. ఎటు తిరిగి ఉందో తెలియకపోతే అదే సమస్య కఠినమైపోతుందని 1997లో కప్రారా అనే ఆయన రుజువు చేశారు. మన కట్టలు జరిపే ఆట ఏ కోవలోదో చాలాకాలం తేలలేదు. 2012లో ప్రచురించిన వ్యాసంలో బుల్టో, ఫెర్టిన్, రుసు అనే ముగ్గురు ఇదీ కఠినమైన కోవలోదేనని తేల్చారు. అంటే అన్ని వరసలకీ పనికొచ్చే త్వరితమైన పద్ధతి ఇంతవరకు లేదు, ఉండదనే చాలామంది గణితజ్ఞుల నమ్మకం.

ఉండకపోయినా చేతులు ముడుచుకోలేదు. కనీసానికి ఒకటిన్నర రెట్లు దాటకుండా సర్దే పద్ధతిని బఫ్నా, పెవ్జ్‌నర్ ఇచ్చారు. 2006లో ఇలియాస్, హార్ట్‌మన్ దాన్ని 1.375 రెట్లకి తగ్గించారు. కనీసం 8 ఎత్తులైతే వారి పద్ధతిలో 11 దాటవన్నమాట. సరైన అంకె తెలియనప్పుడు తప్పు ఎంత దాటదో హామీ ఇవ్వడం. బ్యాంకువాడికి ఈ భాష బాగా అర్థమవుతుంది.

అట్లకాడ లెక్క

దీనికి చెల్లెలు లాంటి సమస్య వంటింట్లోంచి వచ్చింది. చిన్నా పెద్దా అట్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. అట్లకాడ ఎక్కడో ఒకచోట దూర్చి, దానిపైనున్న అట్లన్నీ ఒక్కసారిగా తిరగెయ్యాలి. పెద్దది అడుగున, చిన్నది పైన వచ్చేసరికి ఎన్ని తిప్పుళ్ళు? 1975లో ఒక అమెరికా గణిత పత్రికలో జేకబ్ గుడ్‌మన్ అనే ఆచార్యుడు మారుపేరుతో ఈ ప్రశ్న వేశారు. 1979లో దీనిమీద వ్యాసం రాసిన ఇద్దరిలో ఒకరు క్రిస్టోస్ పాపడిమిట్రియు, రెండోవారు కంప్యూటర్ల వ్యాపారంలో జగమెరిగిన బిల్ గేట్స్. అట్ల సంఖ్యకి సుమారు మూడింట అయిదు వంతుల తిప్పుళ్ళు చాలని వారు చూపించారు. ముప్పై ఏళ్ళ తరవాత, 2009లో ప్రచురించిన వ్యాసం దాన్ని పదకొండింట పద్ధెనిమిది వంతులకి దించింది. నూరు అట్లకి సుమారు మూడు తిప్పుళ్ళు తగ్గాయి, అంతే! ఆ వ్యాసం రాసిన అమెరికా పరిశోధక బృందంలో మొదటి పేరు భద్రాచలం చిట్టూరి. గోదావరి ఒడ్డున రాములవారున్న ఊరి పేరు అట్ల లెక్కలో కనిపించేసరికి మా ఇంటిల్లిపాదికీ ముచ్చటేసింది.

మీరూ చూడండి

ఈ సెలవుల్లో మీ పిల్లలతో ఒకసారి ప్రయత్నించండి. పేక లేకపోతే చీటీల మీద అంకెలు రాసుకోవచ్చు. ముందు మూడు ముక్కలు తలకిందులుగా పెట్టండి, రెండు ఎత్తులు పడతాయి. నాలుగు ముక్కలకి మూడు. అయిదింటికి కూడా మూడే, పైన చూశాం. ఆ తరవాత ఏడు ముక్కలు తీసుకోండి: 7 6 5 4 3 2 1. సూత్రం ప్రకారం నాలుగు ఎత్తులే. ఒక్కోటీ తీసి పెట్టే నా పాత పద్ధతిలో ఆరు పడతాయి. నాలుగులో వచ్చిందాకా పిల్లల్ని తొందరపెట్టకండి. వాళ్ళు వేసిన ఎత్తు వృథాగా కనబడినా సరే, "అలా కాదు" అనకండి.

మొన్న పండక్కి మా అమ్మాయి మళ్ళీ అయిదు ముక్కలు తలకిందులుగా పరిచి నాయనమ్మ చేతికిచ్చింది. అమ్మ వాటిని అటూ ఇటూ జరిపి, ఆగి, మళ్ళీ జరిపి, అయిదు ఎత్తుల్లో సర్దింది. నేను చేతులు కట్టుకుని చూశాను.

"సర్దేశాను. ఇంక పంచరా" అంది అమ్మ.

పంచాను.